గూడెం, తండా, వాడల పిల్లలు తెలుగు వికీలో ఎప్పుడు నిలుస్తారు: వరంగల్, ములుగులో చేసిన పని మీద కేస్ స్టడీ

వికీపీడియాలో ఎవరైనా రాయొచ్చు. మరి రాస్తున్నది ఎవరు? వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ 2021లో బయటపెట్టిన సర్వే ప్రకారం అమెరికాలో వికీపీడియా రాసేవాళ్లలో నల్లజాతివాళ్లు ఒక్క శాతం కూడా లేరు. ఆ దేశ జనాభాలో వాళ్లు 13 శాతం దాకా ఉంటారు. జాతి గురించిన ప్రశ్నను ఆ సర్వే అమెరికా, బ్రిటన్ వాళ్లనే అడిగింది. మన దగ్గర ఇదే సంగతి తెలుసుకోవాలంటే అడగాల్సినవి వేరు: ఏ కులం, ఏ తెగ, ఊరా గూడెమా, ఉండేది ఇంట్లోనా హాస్టల్లోనా, చేతిలో ఉన్న ఫోన్ ఎవరిది.

2011 జనాభా లెక్కల్లో తెలంగాణలో ఎస్టీలు దాదాపు 9 శాతం, ఎస్సీలు 15 శాతం పైన. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది, ఇప్పుడు లక్షకు పైగా వ్యాసాలున్నాయి. ఖాతా తెరిచేటప్పుడు వికీ కులం అడగదు, ఊరు అడగదు. అలా అడగకపోవడం మంచిదే. కానీ దానివల్ల గదిలో ఎవరు లేరో కూడా ఎవరికీ కనపడదు. హన్మకొండ చుట్టుపక్కల వికీ శిక్షణల్లో నేను చూసిన ముఖాలు ఎక్కువగా ఊళ్లో సొంతిల్లు, ఇంట్లో కంప్యూటర్, సాయంత్రం ఖాళీ ఉన్నవాళ్లవి. కోయ, నాయకపోడు, లంబాడా, మాదిగ, మాల ఇళ్ల నుంచి వచ్చే డిగ్రీ విద్యార్థులను ఈ పనిలోకి తెచ్చి, నిలబెట్టాలని రెండు విద్యా సంవత్సరాల పాటు చేసిన ప్రయత్నం ఇది. వాళ్లలో చాలామందికి ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి తామే. పేర్లు, కాలేజీలు, ఖాతాలు రాయడం లేదు. దానికి కారణం తర్వాత చెప్తాను.

గది, వైఫై, బస్సు

పని మొదలుపెట్టేవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సింది చాలా చిన్న సంగతి. ఒకే ఐపీ చిరునామా నుంచి, అంటే ఒకే ఇంటర్నెట్ కనెక్షన్ నుంచి, రోజుకు ఆరు ఖాతాలే తెరవనిస్తుంది వికీ. కాలేజీ వైఫై మీద ముప్పై మంది కూర్చుంటే ఆరుగురికి ఖాతా వస్తుంది, ఏడో మనిషికి ఎర్ర అక్షరాల్లో సందేశం వస్తుంది. ఆ ఆరుగురు ఎవరు? ఫోన్ వేగంగా తిప్పగలిగినవాళ్లు, ముందు బెంచీల్లో కూర్చున్నవాళ్లు. వెనకున్న అమ్మాయికి మాత్రం "నాకు రాదు" అన్న మాట మొదటి పది నిమిషాల్లోనే ఖాయమైపోతుంది. అందుకే ముందు రోజే ఎవరి మొబైల్ డేటా మీద వాళ్లను ఖాతా తెరిచి రమ్మన్నాం. డేటా లేనివాళ్లకు రీచార్జ్ చేయించాం. మిగిలినవాళ్లకు ఈ పరిమితి వర్తించని హక్కు ఉన్న పాత సభ్యుడు కూర్చొని ఖాతాలు తెరిచి ఇచ్చాడు.

రెండోది సమయం. వికీ సమావేశాలు మామూలుగా రాత్రి ఎనిమిదికి ఆన్‌లైన్‌లో జరుగుతాయి. సంక్షేమ హాస్టల్లో ఆ వేళకు హాజరు, భోజనం, స్టడీ అవర్. పైగా ఏటూరునాగారం, తాడ్వాయి దారిలో చాలా చోట్ల సిగ్నల్ అందదు. అందుకని మా క్లాసులు ఆదివారం పగలు పెట్టి, సాయంత్రం బస్సుకు అందేలా ముగించాం. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీలో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కావడం మాకు బాగా కలిసొచ్చింది. ములుగు వైపు నుంచి అమ్మాయిలు రావడానికి చార్జీ అడ్డం కాలేదు. అబ్బాయిల చార్జీలకు మాత్రం డబ్బులు చూసుకోవాల్సి వచ్చింది.

మూడోది కీబోర్డు. వీళ్లందరికీ కంప్యూటర్ అంటే కాలేజీ ల్యాబే, వికీ అంటే ఫోన్ తెరే. అందుకే శిక్షణ మొత్తం ఫోన్ మీదే నడిపాం. తెలుగు టైపు చేయడం కష్టమైనవాళ్లు మాట్లాడితే అక్షరాలు పడే పద్ధతి వాడారు. మాండలికంలో చెప్తే అది తప్పులు రాస్తుంది. దిద్దుకోవడానికి పట్టే టైము కూడా క్లాసులో భాగమే అనుకున్నాం.

చెరిగిన మూడు వాక్యాలు

తెలుగు వికీలో గ్రామాల పేజీలు వేల కొద్దీ ఉన్నాయి. చాలావాటికి ఆధారం జనగణన లెక్కలే: ఎన్ని ఇళ్లు, ఎంత జనం, బడి ఎంత దూరం, సాగు భూమి ఎన్ని హెక్టార్లు. జనగణన లెక్క రెవెన్యూ గ్రామానిది కాబట్టి దాని కింద ఉన్న గూడెం, తండా ఆ పేజీలో పేరుగా కూడా కనిపించవు. 2018 పంచాయతీరాజ్ చట్టంతో వందల తండాలు, గూడేలు సొంత పంచాయతీలయ్యాయి. వాటికి సర్పంచ్ ఉన్నాడు, ఆఫీసు ఉంది. వికీలో మాత్రం చాలావాటికి చోటు లేదు. మొదటి పనిగా ఎవరి ఊరి పేజీ వాళ్లు తెరిచి, ఏది లేదో చూడమన్నాం.

ఏటూరునాగారం వైపు నుంచి వచ్చిన కోయ విద్యార్థిని తనకు బాగా తెలిసిన పల్లె పేజీ తెరిచింది. కొండాయి అది. మేడారం జాతరకు గోవిందరాజు అక్కడి నుంచే వస్తాడు. సారలమ్మ కన్నెపల్లి నుంచి, పగిడిద్దరాజు పూనుగొండ్ల నుంచి, సమ్మక్క చిలకలగుట్ట నుంచి వచ్చి గద్దెల మీద కొలువవుతారు. లక్షల మంది దర్శించుకునే జాతరకు ఈ ఊళ్లే మొదలు. ఆమె మూడు వాక్యాలు చక్కగా రాసింది. గంట లోపే అవి పోయాయి. మార్పు చరిత్రలో "మూలం లేదు" (అచ్చయిన ఆధారం చూపలేదని) అన్న రెండు మాటలు, ఆమెతో మాట్లాడేందుకు ఉండే చర్చ పేజీలో నియమాల లింకులున్న ఒక రెడీమేడ్ సందేశం.

"మేడమ్, అది మా సంగతే కదా. మేం చెప్తే తప్పెట్లయితది?" అని అడిగింది. కోపంగా కాదు. నిజంగానే అర్థం కాక అడిగింది.

చెరిపినాయన మీద నాకు ఫిర్యాదు లేదు. రోజూ వందల మార్పులు చూస్తాడు. సినిమా హీరోల పేజీల్లో అభిమానులు నింపే చెత్తను ఏరేది ఆయనలాంటి వాళ్లే. మూలం లేకుండా ఎవరు రాసినా అదే చేసేవాడు. కానీ అందరికీ అదే చేస్తే అందరి మీదా ఒకేలా పడదు. ఊరి గురించి పత్రికల్లో, పుస్తకాల్లో పేజీల కొద్దీ వచ్చిన మనిషికి మూలం చూపడం ఒక క్లిక్. తన ఊరి గురించి ఎవరూ ఏమీ రాయని మనిషికి అది గోడ. ఆరన్ హాఫేకర్ బృందం ఇంగ్లిష్ వికీపీడియా మీద 2013లో ప్రచురించిన అధ్యయనం కూడా ఈ దిక్కే చూపించింది: 2007 తర్వాత రాసేవాళ్లు తగ్గిపోవడానికి ముఖ్య కారణాల్లో ఒకటి, మంచి ఉద్దేశంతో వచ్చిన కొత్తవాళ్ల మార్పులను తిప్పికొట్టడం. మామూలుగానే కొత్తవాడు వెళ్లిపోతాడు. "ఇది మనలాంటోళ్ల జాగ కాదు" అని చిన్నప్పటి నుంచి వింటూ వచ్చినవాళ్లు ఇంకా తొందరగా వెళ్లిపోతారు.

ఆ రోజు మేం చేసింది ఇదీ. పాత వికీపీడియన్ ఒకాయన ఆ అమ్మాయి పక్కనే కూర్చున్నాడు. జాతర రోజుల్లో జిల్లా ఎడిషన్లో వచ్చిన వార్త ఒకటి ఇద్దరూ కలిసి వెతికారు. గోవిందరాజు కొండాయి నుంచి బయలుదేరిన సంగతి అందులో ఉంది. ఆమె ఆ వార్తను మూలంగా ఇచ్చి మళ్లీ రాసింది. చెరిపినాయన చర్చ పేజీలో "ఇప్పుడు సరిపోయింది, ఇంకా రాయండి" అని జవాబిచ్చాడు. ఆ మూడు వాక్యాలు నిలిచాయి, ఆమె కూడా నిలిచింది.

ఈ పనిలో నేను నమ్మే సంగతి ఇదే. పిలవడం సులువు, బ్యానర్ కట్టడం ఇంకా సులువు. మొదటి మార్పు చెరిగినప్పుడు పక్కన ఎవరున్నారన్నదే ఒక మనిషి వికీపీడియన్ అవుతాడా లేదా తేలుస్తుంది. ఆ తర్వాత తెలుగు వికీ సభ్యులు అందరూ మాట్లాడుకునే రచ్చబండ పేజీలో చర్చ పెట్టి, మార్పులను పరిశీలించే కొద్దిమందితో ఒక ఒప్పందానికి వచ్చాం. శిక్షణలో ఉన్నవాళ్ల ఖాతాల జాబితా ముందే ఇస్తాం. వాళ్ల వాక్యానికి మూలం లేకపోతే వెంటనే తీసేయకుండా "ఆధారం కావాలి" అన్న ట్యాగ్ పెట్టి, ఒక వారం ఆగుతారు. బూతులు, దుష్ప్రచారం, బతికున్న మనుషుల మీద ఆరోపణలు ఉంటే వెంటనే తీసేస్తారు. నియమం అందరికీ అదే. దాన్ని అందుకోవడానికి ఒక వారం గడువు దొరికింది, అంతే.

మూలం ఎవరి చేతిలో ఉంది

వార్తాపత్రిక దొరికిన చోట పని జరిగింది. దొరకని చోట ఏం చేయాలి?

క్లారిస్ ఫెల్ప్స్ సంగతి విద్యార్థులకు చెప్పాను. అమెరికాలో ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలలో పనిచేసే నల్లజాతి రసాయన శాస్త్రవేత్త. 117వ మూలకం కనుక్కోవడానికి కావాల్సిన బెర్కీలియంను శుద్ధి చేసిన బృందంలో ఆమె ఉన్నారు. ఆమె మీద రాసిన ఇంగ్లిష్ వికీ వ్యాసాన్ని, చాలినన్ని స్వతంత్ర మూలాలు లేవని 2019లో తొలగించారు. పెద్ద చర్చ నడిచి, పత్రికల్లో రాతలు వచ్చాక 2020లో తిరిగి పెట్టారు. ఆ ఏడాదిలో ఆమె చేసిన సైన్సు మారలేదు, ఆమె గురించి రాసినవాళ్లు పెరిగారు.

మన దగ్గరా అంతే. గోండుల గుస్సాడీ నాట్య కళాకారుడు కనకరాజుకు 2021లో, కోయల కథలు పాడే డోలీ కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ ప్రకటించారు. పత్రికలు వాళ్ల గురించి విరివిగా రాసింది ఆ తర్వాతే. పత్రిక రాస్తే వికీకి మూలం, మూలం ఉంటే పేజీ. అవార్డు రాని డోలీ కళాకారుడికి పేజీ రాయాలంటే దారే లేదు. ఇందులో పేరు పెట్టి నిందించడానికి ఒక్క మనిషి దొరకడు. అందుకే దీన్ని మార్చడం కష్టం.

ఇంకో విద్యార్థి తెచ్చిన సమస్య ఇంతకన్నా బాధ కలిగించేది. లంబాడాల మీద రాసిన ఒక భాగంలో బ్రిటిష్ కాలపు పుస్తకం ఆధారంగా వాళ్లను దొంగతనాలు వృత్తిగా ఉన్నవాళ్లుగా వర్ణించిన వాక్యం ఉంది. దానికి పక్కా మూలం కూడా ఉంది. అంటే తాత గురించి తాను చెప్పే నిజానికి మూలం లేదు గనుక నిలవదు, తాతను అవమానించిన వాక్యానికి మూలం ఉంది గనుక నిలుస్తుంది. అతను దాన్ని తీసేస్తే "మూలమున్న సమాచారం తొలగించారు" అని వెనక్కి పెట్టారు. "కుల రాజకీయాలు ఇక్కడ వద్దు" అని ఒకరు వ్యాఖ్య కూడా పెట్టారు.

ఇలాంటి చోట తీసేయడం కన్నా, ఆ మాట ఎవరిదో రాయడం మేలు. ఆ వాక్యాన్ని వ్యాసం తన మాటగా చెప్పకుండా, వలస పాలనలో అధికారులు ఇలా రాశారని, నేరస్థ తెగల చట్టం కింద కొన్ని జాతులను పుట్టుకతోనే నేరస్తులుగా నమోదు చేశారని, ఆ చట్టాన్ని 1952లో రద్దు చేశారని మూలాలతో రాశాడు. ఇప్పుడు ఆ భాగం చదివేవాళ్లకు లంబాడాల కన్నా ఆ చట్టం చేసినవాళ్ల గురించి ఎక్కువ తెలుస్తుంది. చర్చ పేజీలో అతని తరఫున ఇద్దరు పాత సభ్యులు మాట్లాడారు. ఒంటరిగా ఉంటే అతను రెండో రోజే మానేసేవాడు.

ఇలాంటి వ్యాఖ్యల వల్లే ఇక్కడ పేర్లు ఇవ్వడం లేదు. వాడుకరి పేజీలో కులం, తెగ రాసుకోవాలా వద్దా అన్నది ఎవరి ఇష్టం వాళ్లది. రాసుకున్న ఒకరికి ప్రతి చర్చలో అదే ఎదురైంది. అసలు పేరుతో ఖాతా తెరవొద్దని ఇప్పుడు మేమే ముందుగా చెప్తున్నాం.

పెద్దాయన అడిగిన ప్రశ్న

రాతలో లేనిది నోట ఉంది. దాన్నే మూలంగా తీసుకోవచ్చు కదా? 2011లో అచల్ ప్రభల ఈ ప్రయోగం చేశారు. మలయాళం, హిందీ, దక్షిణాఫ్రికాలోని సెపెడి భాషల్లో ఊరివాళ్లు చెప్పింది రికార్డు చేసి, ఆ ఆడియోను వ్యాసాలకు ఆధారంగా పెట్టారు. పెద్ద వికీల్లో ఆ పద్ధతి నిలదొక్కుకోలేదు. అయినా ఒకసారి చూద్దామని మా విద్యార్థి ఒకతను తన బంధువుల్లో ఒక డోలీ పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాడు.

డోలీలు కోయల గట్టు గోత్రాల కథలు పాడేవాళ్లు. పడిగె అన్న గుడ్డ మీద ఆ కథ బొమ్మలుగా ఉంటుంది. జాతర రోజుల్లో టీవీలో వచ్చే సమ్మక్క కథ, వాళ్లు పాడే కథ అన్ని చోట్లా ఒకటి కావు. ఆ తేడా వికీలో ఉండాలన్నది ఆ కుర్రాడి కోరిక. పెద్దాయన మంచంలో కూర్చోబెట్టి, టీ ఇప్పించి, చెప్పింది అంతా విన్నాడు. వికీల కోసం ఫొటోలు, ఆడియో దాచే కామన్స్‌లో పెట్టిన ఫైలును ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు, లైసెన్సు షరతులు పాటిస్తే చాలు. లైసెన్సు అంటే అదే కాబట్టి దాచకుండా చెప్పాం.

"అమ్ముకుంటే మాకేమొస్తది బిడ్డా?"

ఏమీ రాదు. అదే చెప్పాం. ఆయన కాసేపాగి, పెళ్లిళ్లలో పాడే ఒక పాట రికార్డు చేసుకోమన్నాడు. దేవర కథ మాత్రం వద్దన్నాడు. పూజ లేకుండా పడిగె విప్పడం కుదరదు, ఫొటో అసలే వద్దన్నాడు. ఆ పాట ఒక్కటే ఆయన పేరు చెప్పొద్దన్న షరతు మీద తీసుకున్నాం. దాన్ని ఎక్కడా అప్‌లోడ్ చేయకుండా కుటుంబానికే ఇచ్చేశాం.

జ్ఞానం అందరిదీ కావాలనే నేనూ ఈ పనిలోకి వచ్చాను. కానీ భూమి, అడవి, బొగ్గు అన్నీ "అందరివీ" అయ్యాక తన చేతిలో ఏం మిగిలిందో చూసిన మనిషి ఆ ప్రశ్న అడగడం న్యాయమే. అందరినీ కలుపుకుపోవడం అంటే అడిగి, కాదంటే ఆగడం కూడా. వికీ లైసెన్సుల్లో "ఇంతవరకే" అని చెప్పే వీలు ఉంటే బాగుండేది. వికీమీడియా ఉద్యమంలో ఆదివాసీ సముదాయాల వాళ్లు దీన్ని గట్టిగా అడగాలి, మనం వెనక నిలబడాలి.

ఏం రాయాలో ఎవరు చెప్పాలి

కార్యక్రమానికి డబ్బులిచ్చేవాళ్లు, నడిపేవాళ్లు అందరూ ఆశించేది ఒకటే: కోయ విద్యార్థి కోయల గురించి, మాదిగ విద్యార్థి చిందు యక్షగానం గురించి రాయాలి. కొందరు ఇష్టంగానే రాశారు. 2024లో గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ రావడంతో చిందుకు మూలాలు బాగా దొరికాయి, ఒక విద్యార్థి ఆ పని పట్టుదలగా చేశాడు. కానీ "మా గురించే రాయాలా మేడమ్, వేరేది రాయొద్దా?" అని కెమిస్ట్రీ చదివే అమ్మాయి అడిగింది. ఆమె ఇప్పుడు మూలకాలు, ఆమ్లాల పేజీల్లో భాష సరిచేస్తుంది, సంకేతాలు దిద్దుతుంది. నా లెక్కలో ఈ పని అంతా జరిగింది ఆమె కోసం కూడా. ఎవరికి ఏది ఇష్టమైతే అది రాసే హక్కు అగ్రకులాల అబ్బాయిలకు అడగకుండానే ఉంది.

కోయలోనే వికీ మొదలుపెడదాం, యంత్రానువాదంతో నింపుదాం అని ఒకరు ఉత్సాహంగా అన్నారు. 2020లో స్కాట్లండ్‌లో మాట్లాడే స్కాట్స్ భాష వికీపీడియాలో బయటపడింది ఇలాంటిదే. ఆ భాష రాని ఒక అమెరికా కుర్రాడు ఏళ్ల తరబడి వేల పేజీలు రాశాడు, సరిదిద్దడం ఆ భాషవాళ్ల మీద పడింది. 2018లో వచ్చిన సంతాలీ వికీపీడియా వెనక ఆ భాష లిపి ఓల్ చికిలో చదవడం, రాయడం వచ్చినవాళ్లు ఉన్నారు. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో వెలుగుచూసిన గోండి లిపికి 2018లోనే యూనికోడ్‌లో చోటు దొరికింది. రాసేవాళ్లు తయారైతే వికీ దానంతట అదే వస్తుంది. మా విద్యార్థులు ఇంట్లో కోయ మాట్లాడతారు గానీ రాయాలని ఇంకా అనుకోవడం లేదు. అనుకున్నప్పుడు సాయం చేస్తాం.

ఎవరు మిగిలారు

వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఆగిపోయారు. ఫిబ్రవరి, మార్చిలో మిర్చి ఏరడానికి ఇంటికి వెళ్లినవాళ్లు కొందరు. గ్రూప్స్, డీఎస్సీ కోచింగ్ అని హైదరాబాద్ వెళ్లినవాళ్లు కొందరు. పెళ్లయ్యాక ఫోన్ చేతికి రాని అమ్మాయిలు ఇద్దరు ముగ్గురు. ఊరికే చేసే పనికి టైము కావాలి, టైముకు ఇంట్లో తిండిగింజలుండాలి. నిలిచినవాళ్లు చేతివేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. కానీ వాళ్లు నెల నెలా రాస్తున్నారు, చర్చ పేజీల్లో జవాబిస్తున్నారు, ఒకరిద్దరు మార్పులు పరిశీలించడం కూడా మొదలుపెట్టారు. పరిశీలించే కుర్చీలో కొత్తవాళ్లు కూర్చోవడమే నాకు అన్నిటికన్నా ముఖ్యం. అక్కడే ఏది నిలవాలో, ఏది పోవాలో తేలుతుంది.

ఆసిఫాబాద్, భద్రాచలం వైపు ఇలాంటి పని మొదలుపెట్టే ఆలోచన ఉన్నవాళ్లు అడుగుతున్నారు కాబట్టి చెప్తున్నాను. వికీమీడియా ఇచ్చే చిన్న గ్రాంట్లు, ర్యాపిడ్ ఫండ్ లాంటివి, చార్జీలకు, డేటాకు వాడుకోవచ్చు. టీషర్టులు, జ్ఞాపికలు పక్కన పెట్టి ముందు వాటికి రాయండి. హాస్టల్ వార్డెన్‌ను కలిసి ఆదివారం పగలు అనుమతి తీసుకోండి. మిర్చి, పత్తి ఏరే నెలల్లో క్లాసులు పెట్టొద్దు. క్లాసుకు ముందే ఇద్దరు పాత వికీపీడియన్లతో మాట్లాడి, ఆ తర్వాత మూడు నెలలు కొత్తవాళ్ల చర్చ పేజీలు రోజూ చూస్తామని మాట తీసుకోండి. ఆ ఇద్దరు దొరకకపోతే దొరికేదాకా క్లాసు వాయిదా వేయండి.